గుడిబండె సీమయు విద్యుత్ కారును: ఒక సంకోచము యొక్క చరిత్ర

కర్ణాటక రాష్ట్రమునందలి బాగేపల్లి, గుడిబండె, చింతామణి తాలూకాలు తెలుగువారికి క్రొత్త ప్రదేశములు కావు. అచ్చట కచేరీభాష కన్నడము. ఇంటిభాష, సంతభాష పెక్కుచోట్ల తెలుగు. 2007 వరకు ఈ తాలూకాలు కోలారు జిల్లాలోనివి. ఆ సంవత్సరమున చిక్కబళ్ళాపురము ప్రత్యేకమైన జిల్లాగా ఏర్పడినది. బెంగుళూరునుండి హైదరాబాదునకు పోవు 44వ జాతీయ రహదారిపై పేరేసంద్ర కూడలికడ ఎడమవైపునకు మరలినచో గుడిబండె చేరవచ్చును. బెంగుళూరునకును ఈ ఊరికిని నడుమ దూరము సుమారు 95 కిలోమీటర్లు. ఈ సంఖ్యను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. విద్యుత్ కారు చరిత్రను ఈ సీమవారి దృష్టితో కొలిచి చూచుటకు ఇంతకన్న మంచి కొలబద్ద లేదు.

పెట్రోలు కారును విడిచి విద్యుత్ కారును స్వీకరించుటకు జనులు సంకోచించుట నేడు సర్వత్ర కానవచ్చుచున్నది. భారతదేశమున 2024–25 ఆర్థిక సంవత్సరమున అమ్ముడైన కార్లలో విద్యుత్ కార్లు లక్షకు కొంచెము పైగా మాత్రమే. అనగా నూటికి మూడింటికి లోపు. ఈ సంకోచమును కొందరు అజ్ఞానమని త్రోసివేయుదురు. మరికొందరు వివేకమని మెచ్చుకొందురు. రెండును తొందరపాటు తీర్పులే. ఈ సంకోచమునకు ఒక చరిత్ర కలదు. అందు కొంత భాగము కాలముతో తీరినది. కొంత భాగము ఇప్పటికిని న్యాయమైనది. తక్కినది ఇంటి గోడకు బిగింపవలసిన ఒక ప్లగ్గుకడ వచ్చి ఆగినది. ఈ మూడింటిని వేరుచేసి చూపుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

విద్యుచ్ఛక్తితో ఈ సీమకు గల పూర్వపరిచయము

కోలారు సీమకు విద్యుచ్ఛక్తి క్రొత్తది కాదు. 1902లో కావేరీనదిపై శివసముద్రముకడ ఉత్పత్తియైన విద్యుత్తు సుమారు 147 కిలోమీటర్ల దూరము ప్రయాణము చేసి కోలారు బంగారుగనులకు చేరినది. నాటి ప్రపంచమున అతిదీర్ఘములైన విద్యుత్ మార్గములలో అది యొకటి. బెంగుళూరు వీథులలో విద్యుద్దీపములు వెలిగినది 1905లో. అనగా రాజధానికంటె మూడేండ్లు ముందుగనే కోలారు జిల్లా విద్యుచ్ఛక్తి ఫలమును పొందినది. కాని ఆ శక్తి గనులకు వచ్చినదేగాని గ్రామములకు రాలేదు. ఊళ్ళలో దీపము వెలుగుటకు అనేక దశాబ్దములు పట్టినది. శక్తి దగ్గరనే యున్నను, ఇంటిగడప దాటి లోనికి వచ్చుటకు వేరొక కాలము, వేరొక ఏర్పాటు కావలసివచ్చుననుటకు ఇది మొదటి దృష్టాంతము.

రెండవ దృష్టాంతము బావులది. ఎద్దులతో కపిల తోలి నీరు చేదిన రైతు తరువాత ఆయిలు ఇంజనును, దాని తరువాత విద్యుత్ మోటారును స్వీకరించెను. నేడు ఈ జిల్లాలో వేయి అడుగులకు మించిన లోతున బోరుబావులు త్రవ్వి, మోటారుపై ఆధారపడి వ్యవసాయము చేయువారు పెక్కుమంది. ప్రారంభమున మోటారును గూర్చిన భయములు తక్కువవి కావు: కరెంటు వచ్చునా, వోల్టేజి నిలుచునా, మోటారు కాలిపోయినచో చుట్టువారెవరు? ఈ ప్రశ్నలకు సమాధానము ప్రకటనల వలన లభింపలేదు. ప్రక్కపొలమున మోటారు నడచుట చూచిన పిదపను, ఊరిలో మోటారు చుట్టు పనివాడు వెలసిన పిదపను ఆ భయములు తగ్గినవి. విద్యుత్ కారు విషయమున నేడు వినవచ్చు ప్రశ్నలును ఇవియే.

విద్యుత్ కారు ప్రాచీనత

విద్యుత్ కారు నిన్నమొన్నటి వింత యని తలచుట పొరపాటు. 1900 ప్రాంతమున అమెరికాలో తయారైన మోటారు వాహనములలో దాదాపు మూడవవంతు విద్యుత్తుతో నడచునవి. అవి చప్పుడు చేయవు, పొగ వదలవు, ముందు నిలిచి ఇనుపకమ్మి త్రిప్పి ఇంజనును మేల్కొలుపవలసిన శ్రమ లేదు. పెట్రోలు కార్ల చక్రవర్తియైన హెన్రీ ఫోర్డు భార్య క్లారా స్వయముగా నడిపినది డెట్రాయిట్ ఎలెక్ట్రిక్ అను విద్యుత్ కారు. ఫోర్డు చౌకగా తయారుచేసిన పెట్రోలు కారు 1908లో బజారునకు వచ్చుటయు, 1912లో కాడిలాక్ కారులో విద్యుత్ స్టార్టరు అమరుటయు, పెట్రోలు దుకాణములు దారిపొడవున వెలయుటయు కలిసి విద్యుత్ కారును వెనుకకు నెట్టివైచినవి. పల్లెలకు నాడు కరెంటు లేకపోవుట మరియొక ముఖ్యకారణము. పెట్రోలు డబ్బాలో పోసికొని ఎంతదూరమైన కొనిపోవచ్చును. కరెంటును అట్లు కొనిపోవుట సాధ్యము కాదు. ఇంటికడ విద్యుత్తు లేని జనులకు విద్యుత్ కారు అక్కరకు రాదను సత్యము నాడే తేటపడినది.

ఈ సీమకు కారు పరిశ్రమతో గల సంబంధము మరియొకటి స్మరింపదగియున్నది. చిక్కబళ్ళాపుర జిల్లాలోని ముద్దేనహళ్ళి మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి జన్మస్థలము. ఆయన పూర్వులు గిద్దలూరు ప్రాంతపు మోక్షగుండమునుండి వచ్చినవారు. భారతదేశముననే మోటారు కార్లు తయారు కావలెనని 1935 ప్రాంతమున ఆయన విదేశములు పర్యటించి ఒక ప్రణాళికను సిద్ధపరచెను. వాల్‌చంద్ హీరాచంద్ అందు ఆయనతో చేయి కలిపెను. నాటి ఆంగ్ల ప్రభుత్వము ప్రోత్సహింపనందున మైసూరు సంస్థానమున ఆ కర్మాగారము వెలయలేదు. వాల్‌చంద్ 1944లో బొంబాయిలో ప్రీమియర్ సంస్థను స్థాపించెను. మరి యర్ధశతాబ్దమునకు పిదప బెంగుళూరున రూపొందిన ఒక కారు వీథులకు వచ్చినది. అది పెట్రోలు కారు కాక విద్యుత్ కారు అగుట విశేషము.

బెంగుళూరు రేవా: 80 కిలోమీటర్ల హద్దు

బెంగుళూరునందలి మైనీ కుటుంబము ఒక అమెరికా సంస్థతో కలిసి 1994లో రేవా విద్యుత్ కారు సంస్థను స్థాపించినది. చేతన్ మైనీ దానికి ప్రాణము. 2001లో రేవా కారు బెంగుళూరు వీథులకు వచ్చినది. ఇద్దరు పెద్దలును ఇద్దరు పిల్లలును కూర్చుండదగిన చిన్న బండి, సీసపు బ్యాటరీలు, ఇంటనుండు 15 ఆంపియర్ల ప్లగ్గునుండి రాత్రియంతయు చార్జి చేసినచో సుమారు 80 కిలోమీటర్లు నడచునది. 2004 మొదలు ఈ బండియే జీ-విజ్ అను పేరుతో లండను నగరమున అమ్ముడైనది. అచ్చట 2003లో నగరమధ్యమున ప్రవేశించు వాహనములపై రుసుము విధించిరి. విద్యుత్ కార్లకు దానినుండి మినహాయింపు లభించినది. అందుచేత బెంగుళూరు బండి బెంగుళూరులోకంటె లండనులో ఎక్కువ ఆదరము పొందినదని చెప్పుకొనిరి. ఏమైనను దాదాపు పదియేండ్లలో అమ్ముడుపోయిన బండ్లు కొన్ని వేలు మాత్రమే.

ఇప్పుడు 95 కిలోమీటర్ల కొలబద్దను బయటికి తీయవలెను. 2001 నాటి రేవా 80 కిలోమీటర్లు నడచును. గుడిబండె 95 కిలోమీటర్ల దూరమున నున్నది. బెంగుళూరున తయారైన కారు గుడిబండెకు ఒంటిపోకయైనను పోజాలదు. పేరేసంద్ర కూడలికి కొలదిగ అటునిటుగా దాని శక్తి తీరిపోవును. నాడు ఈ సీమవాడెవడైన విద్యుత్ కారు వలదని యుండినచో అది భయము కాదు, లెక్క. 2010లో మహీంద్రా సంస్థ రేవాలో అధికభాగమును కొనినది. 2013లో ఆ సంస్థ విడుదల చేసిన ఈ-టూ-ఓ కారు లిథియం బ్యాటరీతో 100 కిలోమీటర్లు నడచునని ప్రకటింపబడినది. లెక్కకు గుడిబండె చేరును. కాని తిరిగివచ్చుటకు లేదు, దారిలో చార్జింగుకేంద్రములును లేవు. 2020 జనవరిలో టాటా సంస్థ నెక్సాన్ విద్యుత్ కారును విడుదల చేసినది. దాని పరీక్షాదూరము 312 కిలోమీటర్లు. దారిమీద అందు మూడవవంతు తగ్గునని తీసివేసినను, గుడిబండెనుండి బెంగుళూరు పోయి మరల ఇల్లు చేరుటకు చాలును. 2022లో వచ్చిన టియాగో విద్యుత్ కారు ధర 8 లక్షల 49 వేల రూపాయలతో మొదలైనది.

కావున దూరమును గూర్చిన సంకోచము 2001లో న్యాయము, 2013లో అర్ధన్యాయము. 2020 తరువాత ఈ సీమ నిత్యావసరముల మట్టుకు అది తీరిపోయినదనవచ్చును. అయినను మాట మాత్రము నిలిచియున్నది. మొదటి బండినిగూర్చి విన్నమాటతో చివరి బండిని తూచుట లోకస్వభావము.

భయములలో నిజమైనవి

అన్ని భయములు పాతబడినవి కావు. 2022 ఏప్రిల్ నెలలో నిజామాబాదున ఒకచోటను, విజయవాడలో ఒకచోటను విద్యుత్ స్కూటరు బ్యాటరీని ఇంటిలోపల చార్జి చేయగా అది ప్రేలి ప్రాణనష్టము కలిగినది. తెలుగుదేశమునంతటను ఆ వార్త ఇంటింటి మాట అయినది. బ్యాటరీ పరీక్షల నిబంధనలను కేంద్ర ప్రభుత్వము కఠినముచేసి 2022 డిసెంబరు 1వ తేదీనుండి దశలవారీగా అమలుపరచినది. ఈ ప్రమాదములు స్కూటర్లవి. అందును విడదీసి ఇంటిలోనికి కొనిపోయిన బ్యాటరీలవి. కారు బ్యాటరీ కారునందే యుండును; పడకగదిలోనికి రాదు. అయినను నిద్రించు గదిలో ఏ వాహన బ్యాటరీని చార్జి చేయరాదనునది కంఠస్థము చేయదగిన నియమము.

ధర విషయమున సంకోచము సగము న్యాయము. విద్యుత్ కారు దానివంటి పెట్రోలు కారుకంటె సుమారు 3 లక్షల రూపాయలు అధికమనుకొందము. నెలకు 300 కిలోమీటర్లు మాత్రమే తిరుగు గృహస్థునకు పెట్రోలుపై మిగులునది నెలకు సుమారు 1,600 రూపాయలు. అదనముగ పెట్టిన సొమ్ము తిరిగివచ్చుటకు పదునైదేండ్లు పట్టును. అట్టివాడు తొందరపడనక్కరలేదు. కాని గుడిబండెనుండి చిక్కబళ్ళాపురమునకు ప్రతిదినము పోయివచ్చు ఉద్యోగి లెక్క వేరు. పోకరాకలు 70 కిలోమీటర్లు. నెలకు 25 దినములనిన 1,750 కిలోమీటర్లు. లీటరునకు 16 కిలోమీటర్ల చొప్పున 109 లీటర్ల పెట్రోలు. లీటరు నూరు రూపాయలకు పైబడినందున నెలకు 11 వేలు దాటును. ఆ దూరమునకే విద్యుత్ కారునకు, చార్జింగులో పోవు నష్టముతో గూడ, సుమారు 275 యూనిట్లు చాలును. యూనిట్టు 6 రూపాయల చొప్పున 1,650 రూపాయలు. వానికి అదనపు ధర మూడేండ్లలో తిరిగివచ్చును. బ్యాటరీకి ఈ కార్ల తయారీదారులు ఎనిమిదేండ్ల పూచీ యిచ్చుచున్నారు. కనుక ప్రశ్న ‘విద్యుత్ కారు మంచిదా?’ అనునది కాదు, ‘ఎవరికి మంచిది?’ అనునది.

ఇంటికడ చార్జింగు: పట్టణము, పల్లె

విద్యుత్ కారునకు నిజమైన పెట్రోలు బంకు ఇల్లు. ఆ రహస్యమెరుగనివారు ఊరిలో చార్జింగుకేంద్రము లేదని చింతించుచుందురు. బెంగుళూరు, హైదరాబాదు నగరములలో ఇదియే పెద్ద చిక్కు. అచ్చట కుటుంబములు అపార్టుమెంటులలో నివసించును. కారు నిలుపు స్థలము క్రింద, మీటరు మరియొకచోట. తీగ లాగుటకు నివాసుల సంఘము సమ్మతి కావలెను. చార్జింగు విద్యుత్తు విక్రయము కాదు, ఒక సేవ యని కేంద్ర విద్యుచ్ఛాఖ 2018 ఏప్రిల్‌లో స్పష్టము చేసినది. 2019లో నమూనా భవన నిబంధనలను సవరించి క్రొత్త భవనముల పార్కింగు స్థలములో అయిదవవంతునకు చార్జింగు వసతి యుండవలెనని సూచించిరి. గృహస్థులు తమ యింటి కనెక్షనునుండియే వాహనమును చార్జి చేసికొనవచ్చునని 2022 జనవరి మార్గదర్శకములు తెలిపినవి. ఇన్ని యున్నను పాత భవనములలో పొరుగువారిని ఒప్పించుట సులభము కాలేదు.

గుడిబండె ఇంటికి ఈ చిక్కు లేదు. ఇల్లు తనది, గోడ తనది, మీటరు తనది, వాకిలి తనది. నగరవాసి సంవత్సరములు తగవులాడి పొందవలసిన వసతి పల్లెలోని సొంతయింటివానికి పుట్టుకతోనే కలదు. అయినను విద్యుత్ కారు నగరపువాని వాహనమనియు, పల్లెకు పనికిరాదనియు ప్రతీతి ఏర్పడినది. వాస్తవము తలక్రిందులుగా నున్నది.

పల్లెలో అడ్డంకులు వేరు. మొదటిది ఎర్తింగు. కారుతో వచ్చు చార్జరు మొదట ఎర్తు సరిగానున్నదా యని చూచుకొనును. లేనిచో చార్జి చేయ నిరాకరించును. యజమాని కారు చెడిపోయినదని భ్రమపడును. పాతయిండ్లలో ఎర్తింగు పేరునకు మాత్రమే యుండుట కద్దు. పైగా ఇది బండనేల. ఊరిపేరే అందుకు సాక్షి. ఎండిన రాతినేలలో ఎర్తు నిలువదు. మట్టి లోతుగానున్న చోట గుంత త్రవ్వి, గొట్టముచుట్టు బొగ్గును ఉప్పును నింపి, వేసవిలో నీరు పోయుచుండవలెను. రెండవది తీగ. టీవీకి, మిక్సీకి వేసిన సన్నని తీగపై గంటలకొలది 15 ఆంపియర్లు లాగరాదు. మీటరునుండి నేరుగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగితీగను వేరుగా తెచ్చి, దానికి ప్రత్యేకముగ రక్షణ స్విచ్చులు పెట్టించవలెను. మూడవది మంజూరైన లోడు. ఒక కిలోవాటు లోడుతో తీసికొనిన కనెక్షనుపై మూడు కిలోవాట్లు లాగుట తగదు; లోడు పెంచుమని ఈ జిల్లాకు విద్యుత్తు సరఫరా చేయు బెస్కాం సంస్థకు అర్జీ పెట్టవలెను.

ఇక్కడ ఒక విషయము గమనింపదగినది. పొలములో 5 గుఱ్ఱపుశక్తి మోటారు తీసికొను శక్తి 15 ఆంపియర్ల ప్లగ్గుపై కారు తీసికొను శక్తికంటె ఎక్కువ. మోటారును దినదినము నడుపు రైతు ఇంటిలో కారు ప్లగ్గునకు జంకుట వింత. పొలపు లైను మూడు ఫేజులది, ఇంటిది ఒక ఫేజుది యను భేదము నిజమే. కాని స్టార్టరు, ఫ్యూజు, వోల్టేజి, ఎర్తు అను మాటలు ఈ సీమ రైతుకు అ ఆ ల వంటివి. కారునకు కావలసిన జ్ఞానములో ముప్పాతిక పొలములోనే యున్నది.

‘రాత్రియంతయు కరెంటుండునా?’ అనునది మరియొక ప్రశ్న. దినమునకు 70 కిలోమీటర్లు నడచిన కారునకు 11 యూనిట్లు కావలెను. గంటకు మూడు యూనిట్ల చొప్పున నాలుగు గంటలలోపు చాలును. సాయంకాలము ఇల్లు చేరినప్పటినుండి తెల్లవారువరకు నాలుగు గంటల కరెంటు లభించినచో పని జరిగినట్లే. ఇంటి లైనును పంపుసెట్ల లైనును వేరుచేసిన నిరంతర జ్యోతి పథకము తరువాత ఇండ్లకు ఈపాటి కరెంటు ఆశింపరానిది కాదు.

గృహజ్యోతి చిక్కు

కర్ణాటకమునకే ప్రత్యేకమైన అడ్డంకి మరియొకటి కలదు. 2023లో ప్రారంభమైన గృహజ్యోతి పథకము క్రింద కుటుంబములకు పూర్వపు సగటు వాడుకపై కొంత చేర్చి, 200 యూనిట్లకు మించకుండ ఉచితముగా కరెంటు ఇచ్చుచున్నారు. 200 దాటినచో బిల్లు మొత్తము కట్టవలెను. నెలకు 80 యూనిట్లు వాడు ఇంటికి బిల్లు సున్న. ఆ యింటిలో పైన చెప్పిన ఉద్యోగి కారును చార్జి చేసినచో 80, 275 కలిసి 355 యూనిట్లగును. ఉచితము పోయి 2,130 రూపాయల బిల్లు వచ్చును. సున్న బిల్లునకు అలవాటుపడిన ఇంటిలో ఈ కాగితము కలిగించు కలవరము తక్కువది కాదు. ‘కారు కొని కరెంటు పోగొట్టుకొంటిమి’ అను మాట వెంటనే పుట్టును.

కాని ఈ 2,130 రూపాయలను పెట్రోలు దుకాణమున చెల్లించిన 11 వేలతో పోల్చిచూడవలెను. ఉచితమును పూర్తిగా పోగొట్టుకొనియు ఆ కుటుంబము నెలకు దాదాపు 9 వేలు మిగుల్చుకొనును. పెట్రోలు ఖర్చు నూరునూరుగా చేజారుచుండును గనుక కంటబడదు; బిల్లు ఒక్కసారి వచ్చును గనుక గుచ్చుకొనును. వాహనముల చార్జింగునకు ప్రత్యేకమైన ధరతరగతిని విద్యుత్ నియంత్రణ సంఘము 2018లో ఏర్పరచినది. ఇండ్లలోను కారునకు వేరు మీటరు సులభముగా లభించునట్లు చేసినచో ఇంటి వెలుగు ఉచితముగనే నిలుచును, కారు తన ఖర్చు తాను భరించును. ఈ చిన్న ఏర్పాటు పెద్ద రాయితీలకంటె ఎక్కువ పని చేయగలదు.

సంకోచము ఎట్లు తీరును

నార్వే దేశపు అనుభవము ఇచ్చట ఉపకరించును. 1989లో ఆ దేశపు ఆ-హా గాయకబృందమువారును, ఒక పర్యావరణసంఘ నాయకుడును కలిసి ఒక చిన్న విద్యుత్ కారును తెచ్చి, సుంకము చెల్లింపకయే టోలుగేటులు దాటుచు ప్రభుత్వమును కదలించిరి. 1990 మొదలు పన్నులు తగ్గినవి. 1997లో టోలు మినహాయింపు వచ్చినది. అయినను కార్లు వెల్లువగా వచ్చుటకు మరి పదునైదేండ్లు పట్టినది. 2024లో అచ్చట అమ్ముడైన క్రొత్త కార్లలో నూటికి 89 విద్యుత్ కార్లే. పన్ను మినహాయింపు దారి తెరచినది. పొరుగింటివాని వాకిట నిలిచిన కారు జనులను ఆ దారిలో నడిపినది.

గుడిబండె కోట ఈ విషయమున ఒక జ్ఞాపికగా నిలిచియున్నది. హావళి బైరేగౌడ అను పాళెగాడు కట్టించిన ఆ కోటలో బండలనడుమ వర్షజలమును నిలుపు కొలనులు కలవు. దిగువన అమాని బైరసాగరము చెరువు కలదు. వచ్చినప్పుడు పట్టి నిలుపుకొని, కావలసినప్పుడు వాడుకొనుట నదీజలము లేని ఈ సీమవారికి తాతలనాటి విద్య. బ్యాటరీ చేయునదియు అదే. ఈ సీమ వలెనే తెలుగు ఎక్కువగా వినవచ్చు పావగడ తాలూకాలో రైతుల నేల కౌలుకు తీసికొని 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్కేంద్రమును నెలకొల్పిరి. వానకు కరవైన నేల ఎండను పండించుచున్నది. ఎండ కొరతలేని గుడిబండె మిద్దెలపైనను అది సాధ్యమే.

కావలసినది ముఖ్యముగా వివరించువారు. కారు పుస్తకములు, చార్జరుపై హెచ్చరికలు పెక్కు ఇంగ్లీషులో నుండును. ఇంటిలో తెలుగు మాటలాడు గృహిణికి, వృద్ధునకు, ఊరి ఎలెక్ట్రీషియనుకు అవి అందవు. ఎర్తుగుంత ఎట్లు త్రవ్వవలెను, ఏ తీగ వేయవలెను, లోడునకు అర్జీ ఎట్లు పెట్టవలెను, బిల్లును ఎట్లు చదువవలెను అను నాలుగు సంగతులను ఒక చిన్న తెలుగు కరపత్రములో అచ్చువేసి సంతలో పంచుట తెలుగు సంఘములు చేయదగిన పని. ఊరికొక ఎలెక్ట్రీషియనుకు ఈ విద్య నేర్పినచో, నాడు మోటారు చుట్టువాడు తీర్చిన భయమును నేడు వాడు తీర్చును.

1902లో విద్యుత్తు కోలారు జిల్లాకు వచ్చియు గ్రామముల గడపవెలుపల దశాబ్దములు నిలిచిపోయినది. నేడు 95 కిలోమీటర్ల దూరమును అవలీలగా దాటి విద్యుత్ కారు గుడిబండె వాకిటికి వచ్చినది. గోడమీది ప్లగ్గు, నేలలోని ఎర్తు, బిల్లుపై రెండవ మీటరు: ఈ మూడును సమకూడినచో గడపవెలుపలి నిరీక్షణ ఈసారి అన్ని దశాబ్దములు సాగనక్కరలేదు.